నూటయాభై కిలోమీటర్ల గీత: శంషాబాద్ పెరిగింది సరే, మామునూరు ఎందుకు ఆగింది?

శంషాబాద్ విమానాశ్రయం గురించి పేపర్లో వచ్చే వార్తలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఫలానా దేశానికి నేరుగా సర్వీసు మొదలైందనో, ప్రయాణికుల సంఖ్య కొత్త రికార్డు కొట్టిందనో, ఇంకో అవార్డు వచ్చిందనో. జిల్లా ఎడిషన్ తిరగేస్తే మాత్రం మరో రకం వార్తలు కనిపిస్తాయి. వరంగల్ పక్కన మామునూరులో విమానాశ్రయానికి భూసేకరణ ఎందాకా వచ్చింది, ఆదిలాబాద్‌లో సర్వే ఎప్పుడు, కొత్తగూడెం సంగతేంటి అని. ఈ రెంటినీ విడివిడిగా చదవడం మనకు అలవాటైపోయింది గానీ, ఇవి ఒకే తాడుకు రెండు కొసలు. ఆ తాడు 2004లో పేనిన ఒక ఒప్పందం.

ఆ ఏడాది డిసెంబర్ 20న కేంద్ర ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ జీఎంఆర్ నేతృత్వంలోని హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ కన్సెషన్ అగ్రిమెంట్ (విమానాశ్రయాన్ని కట్టి నడిపే హక్కు ఇచ్చే ఒప్పందం) మీద సంతకాలు చేశాయి. అందులో ఒక షరతు ఉంది. కొత్త విమానాశ్రయం తెరిచిన రోజు నుంచి 25 ఏళ్ల వరకు, గాలిలో కొలిస్తే 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదు. శంషాబాద్ తెరుచుకున్నది 2008 మార్చిలో. అంటే ఆ గీత 2033 మార్చి దాకా చెల్లుతుంది.

వరంగల్ పక్కనున్న మామునూరు ఎయిర్‌స్ట్రిప్ శంషాబాద్ రన్‌వేకు గాలిలో దాదాపు 145 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మ్యాప్ మీద ఎవరైనా కొలుచుకోవచ్చు. నాలుగైదు కిలోమీటర్ల తేడాతో ఆ ఊరు గీతకు లోపల పడింది. నిజాం కాలంలో, 1930 ప్రాంతంలో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ అది. ఆజంజాహి మిల్లు నడిచిన రోజుల్లో విమానాలు దిగిన చోటు. రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ప్రతి ఎన్నికల ముందూ మామునూరు మాట రావడం, వెంటనే ‘150 కిలోమీటర్ల నిబంధన’ అడ్డు రావడం పరిపాటి అయింది.

అసలు ఈ షరతు ఎందుకు పెట్టారు?

ఇప్పుడు చదివితే దోపిడీలా అనిపించే ఈ షరతు 2004లో అంత వింతేమీ కాదు. బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికీ అదే 150, అదే 25. తమిళనాడు హోసూరులో విమానాశ్రయం కడతామన్నప్పుడు అడ్డొచ్చిందీ అదే. అప్పటికి దేశంలో ప్రైవేటు భాగస్వామ్యంతో కొత్త చోట పెద్ద విమానాశ్రయం కట్టిన అనుభవం దాదాపు లేదు. ఒక్క కొచ్చిన్ ఉంది, దాని కథ వేరు. ఊరికి దూరంగా, రోడ్డు కూడా సరిగా లేని చోట వేల కోట్లు పోస్తుంటే, రేపు పక్కనే ఇంకొకటి లేస్తే మా అప్పు సంగతేంటని బ్యాంకు అడుగుతుంది. ఆ భయానికి ఇచ్చిన హామీయే ఈ గీత.

హామీ అదొక్కటే కాదు. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 5,500 ఎకరాల భూమి ఇచ్చింది. 107 కోట్ల గ్రాంటు, 315 కోట్ల వడ్డీలేని అప్పు సర్దింది. కేంద్రం తన వంతుగా ఆదాయంలో 4 శాతం మాత్రమే వాటా తీసుకోవడానికి ఒప్పుకుంది, అదీ మొదటి పదేళ్లూ వాయిదా వేసి. ఢిల్లీ విమానాశ్రయం కట్టే వాటా 45.99 శాతం అని తెలిస్తే హైదరాబాద్‌కు దొరికిన వెసులుబాటు ఎంతో అర్థమవుతుంది. ఢిల్లీ అప్పటికే కిటకిటలాడుతున్న విమానాశ్రయం కాబట్టి ఆ పోలిక నూటికి నూరుపాళ్లు న్యాయం కాదనుకోండి. అయినా శంషాబాద్‌ను పెంచి పోషించింది ఒక్క ప్రైవేటు సంస్థ సామర్థ్యమే అనే మాట మాత్రం అతిశయోక్తి. ప్రజల భూమి, ప్రజల డబ్బు, ప్రభుత్వం రాసిచ్చిన గుత్తాధిపత్యం, మూడూ అందులో కలిశాయి.

ఆ గుత్తాధిపత్యం దెబ్బ మొదట తగిలింది బేగంపేటకు. నగరం నడిబొడ్డున, ఆటోలో ఇరవై రూపాయలతో చేరుకోగలిగిన విమానాశ్రయం అది. పెరగడానికి చుట్టూ చోటు లేదు, అది వాస్తవం. అయినా మూసేయొద్దని దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు 2008 మార్చిలో సమ్మెకు దిగారు. చివరికి మార్చి 22 అర్ధరాత్రి దాటాక సర్వీసులన్నీ శంషాబాద్‌కు తరలిపోయాయి. ఇప్పుడు బేగంపేటలో దిగేవి వీఐపీల విమానాలు, సైనిక విమానాలు, రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు వచ్చేవి.

గుత్తాధిపత్యం ఉంది కాబట్టి ఛార్జీలు ఇష్టమొచ్చినట్టు వేస్తారనే అభిప్రాయం చాలామందిలో ఉంది. అది సగమే నిజం. టికెట్‌లో కలిసి వచ్చే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజును, విమానాల ల్యాండింగ్, పార్కింగ్ ఛార్జీలను విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ ఐదేళ్లకోసారి నిర్ణయిస్తుంది. ఇక్కడ అసలు పంచాయితీ అంతా దుకాణాల ఆదాయం దగ్గరే. టెర్మినల్‌లో కాఫీ, డ్యూటీ ఫ్రీ, కారు పార్కింగ్, హోర్డింగులు తెచ్చే డబ్బును పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే ప్రయాణికుడి మీద పడే ఫీజు తగ్గుతుంది. 30 శాతమే తీసుకుంటే పెరుగుతుంది. నియంత్రణ సంస్థ పూర్తిగా లెక్కేసిన ఫలితంగా 2014 ఏప్రిల్ నుంచి కొన్నాళ్లు శంషాబాద్‌లో ఆ ఫీజు సున్నా అయింది. చాలామంది గమనించనే లేదు. తర్వాత కోర్టుల దాకా వెళ్లింది, ఫీజు తిరిగొచ్చింది. 2016 పౌర విమానయాన విధానం 30 శాతం పద్ధతినే ఖాయం చేసింది. విమానాశ్రయంలో కొత్త షాపు తెరిచారంటే ప్రయాణికుడికి ఒరిగేది దాని ఆదాయంలో ఆ 30 శాతం మేరకే. మిగతా 70 కంపెనీదే.

పెరుగుదల లెక్క

శంషాబాద్‌ను మొదట ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టారు. తొలి ఏడాది వచ్చింది అరవై లక్షల పైచిలుకు. అంత ఖాళీ టెర్మినల్ ఎందుకని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. 2015-16 నాటికి ఆ 1.2 కోట్లు దాటిపోయింది. 2019-20లో 2.16 కోట్లు. కరోనా ఏడాది ఎనభై లక్షలకు పడిపోయి, 2023-24లో రెండున్నర కోట్లకు లేచింది. ఆ మరుసటి ఏడాది మూడు కోట్లకు చేరువైంది. విస్తరణ తర్వాత సామర్థ్యం 3.4 కోట్లు. అంటే టెర్మినల్ పెంచి నిండా మూడేళ్లు కాకుండానే మళ్లీ పెంచాలన్న మాట మొదలైంది.

ఈ జనం ఎవరో చూడాలంటే ఆగస్టులో ఏదో ఒక రాత్రి డిపార్చర్ ముంగిట నిలబడితే చాలు. ఒక పక్క అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు. ఒక్కొక్కరి వెనక రెండు కార్ల నిండా బంధువులు, ఒక్కోటి 23 కిలోల సూట్‌కేసులు, వాటిలో ఆవకాయ డబ్బాకు నాలుగు చుట్లు ప్లాస్టిక్ కవరు. బరువెక్కువైందని కౌంటర్ దగ్గర తేలితే, అక్కడే నేల మీద సూట్‌కేసు తెరిచి కారప్పొడి తీయాలా, జీన్స్ తీయాలా అని తల్లీకొడుకుల తర్జనభర్జన. ఇంకో పక్క జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి తుఫాన్ బండ్లలో వచ్చిన గల్ఫ్ కార్మికులు. తాడుతో బిగించిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో పేరు, ఊరు. మొదటి గుంపు ఫోటోలు దిగుతుంది. రెండో గుంపు ఎక్కువగా ఊరుకుంటుంది.

మూడు కోట్ల సంఖ్యలో ఈ ఇద్దరూ ఉన్నారు. కానీ ‘జిల్లాకో విమానాశ్రయం’ నినాదంలో రెండో గుంపు లేదు. మామునూరు అయినా నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి అయినా మొదట వచ్చేవి దేశీయ సర్వీసులే. దుబాయ్ విమానం దిగాలంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ కావాలి, వాటికి సరిపడా రద్దీ కావాలి. గల్ఫ్‌కు వెళ్లేవాడి తుఫాన్ బండి ఇంకా చాలా ఏళ్లు శంషాబాద్‌కే వస్తుంది.

గీత బయట ఉన్నవాటి సంగతేమిటి?

ఇక్కడే మన చర్చల్లో పెద్దగా వినిపించని విషయం ఒకటుంది. 2021 నాటికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రాష్ట్రంలో ఆరు చోట్ల సాధ్యాసాధ్యాలు పరిశీలించింది. వరంగల్ మామునూరు, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్, కొత్తగూడెం దగ్గర పాల్వంచ, మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర. శంషాబాద్ నుంచి గాలిలో కొలిస్తే వీటిలో గీత లోపల పడేవి రెండే. ఒకటి మామునూరు, రెండోది దేవరకద్ర. ఆదిలాబాద్ 260 దాటుతుంది, పాల్వంచ 240 దగ్గర, బసంత్‌నగర్ 190. జక్రాన్‌పల్లి కూడా గీతకు కాస్త అవతలే. మరి ఆ నాలుగింటికి ఏ ఒప్పందం అడ్డొచ్చింది?

ఏదీ రాలేదు. ఒకచోట గుట్టలు, ఒకచోట భూమి చాలకపోవడం, ఆదిలాబాద్‌లో స్థలం వైమానిక దళానిది కావడం. అన్నిటికీ మించి, ఏ ఎయిర్‌లైన్ కంపెనీ కూడా ‘మేం విమానం నడుపుతాం’ అని గట్టిగా ముందుకు రాకపోవడం. జీఎంఆర్ షరతు మీద నెపం వేయడం రాజకీయంగా సులువు. రెండు ఊళ్లకే వర్తించే గీతను రాష్ట్రం మొత్తానికీ సాకుగా వాడుకున్నాం.

గీత లోపల కూడా అది ఇనుప గోడ కాదని బీదర్ ఏనాడో చూపించింది. శంషాబాద్ నుంచి 125 కిలోమీటర్లు కూడా ఉండదు బీదర్. కానీ శంషాబాద్ యాజమాన్యం అభ్యంతరం లేదనడంతో 2020 ఫిబ్రవరిలో అక్కడ పౌర విమానాలు మొదలయ్యాయి. కర్ణాటక అడిగి సాధించుకున్నది తెలంగాణకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. మామునూరుకు శంషాబాద్ వైపు నుంచి సమ్మతి వచ్చింది 2024 చివర్లో. 253 ఎకరాల అదనపు భూమి కోసం రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసిందీ అప్పుడే. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ ఆమోదం తెలిపింది.

సమ్మతి ఇప్పుడెందుకు దొరికింది? ప్రభుత్వాలు తమ ఘనత అంటాయి, కొంత నిజమే కావచ్చు. అసలు కారణం పై లెక్కల్లో ఉంది. అరవై లక్షల మంది వచ్చే రోజుల్లో వరంగల్ పోటీ. మూడు కోట్ల రోజుల్లో వరంగల్ పోటీ కాదు, పల్లెవెలుగు బస్సు డిపోకు జనాన్ని తెచ్చినట్టు పెద్ద విమానాశ్రయానికి జనాన్ని తెచ్చిపెట్టే తోవ. పైగా కన్సెషన్ గడువు కూడా 2068 దాకా పెరిగింది. అంత దూరం చూసే కంపెనీకి 2033లో ఎలాగూ పోయే గీతను ఓ ఎనిమిదేళ్లు ముందు వదులుకోవడంలో పెద్ద త్యాగమేమీ లేదు.

రన్‌వే వేయడం తేలిక, విమానం తేవడమే కష్టం

మామునూరులో రన్‌వేను 2.8 కిలోమీటర్లకు పెంచి ఎయిర్‌బస్ ఏ320 రకం దిగేలా చేయాలన్నది ప్రతిపాదన. 180 మంది పట్టే విమానం అది. డెబ్భై చిల్లర సీట్ల ఏటీఆర్‌తో సరిపెట్టుకుంటే ఖర్చు తగ్గేది, భూమీ తగ్గేది అనే వాదన ఉంది. కొట్టిపారేయలేం. కాకపోతే ఏటీఆర్ దూరాలు పోదు. వరంగల్ నుంచి ఢిల్లీకో ముంబైకో నేరుగా పోవాలంటే జెట్ విమానమే కావాలి. హైదరాబాద్‌కైతే ఏ విమానమూ అక్కర్లేదు. కాజీపేటలో రైలెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. ఎయిర్‌పోర్టుకు గంట ముందు చేరడం, చెకిన్, మళ్లీ దిగి బయటకు రావడం కలుపుకుంటే రైలే నయం.

చిన్న విమానాశ్రయాల చరిత్ర మన దగ్గర అంత ఆశాజనకంగా లేదు. 1980లలో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ప్రభుత్వ సంస్థ వాయుదూత్ వచ్చింది, పోయింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపించే ఉడాన్ పథకం తొలి విమానాలను ప్రధాని మోదీ సిమ్లాలో జెండా ఊపి పంపినప్పుడు వాటిలో కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ సర్వీసులు ఉన్నాయి. నడిపింది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ట్రూజెట్. కడప నుంచి వైద్యానికీ, నాందేడ్ గురుద్వారాకూ జనం బాగానే ఎక్కారు. అయినా 2022 మొదట్లో ట్రూజెట్ ఆగిపోయింది. బీదర్ మొదటి సర్వీసు కూడా ట్రూజెట్‌దే. ఆ తర్వాత వేరే కంపెనీ వచ్చింది, మళ్లీ విరామం, 2025లో మళ్లీ మొదలు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు 2021 మార్చిలో ఘనంగా తెరుచుకుంది. అక్కడా సర్వీసులు వస్తూ పోతూనే ఉన్నాయి.

కారణం ఉడాన్ లెక్కలోనే ఉంది. సుమారు సగం సీట్లను పరిమిత ధరకు అమ్మాలి. వచ్చే నష్టాన్ని మూడేళ్లు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం పెద్ద రూట్ల విమానాల మీద వేసే లెవీ నుంచే వస్తుంది. అంటే హైదరాబాద్-ఢిల్లీ ప్రయాణికుడు తెలియకుండానే బీదర్ ప్రయాణికుడికి తన వంతు చెల్లిస్తున్నాడు. మూడేళ్లలో ఆ రూటు తన కాళ్ల మీద నిలబడితే సరి. లేకపోతే సబ్సిడీ ఆగిన రోజే విమానమూ ఆగుతుంది. పైగా దేశీయ మార్కెట్లో 60 శాతం దాటి ఒక్క ఇండిగో చేతిలోనే ఉంది. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఆ కంపెనీ పైలట్ల డ్యూటీ వేళల గందరగోళంలో చిక్కుకుంటే శంషాబాద్ అంతటి విమానాశ్రయమే బస్టాండ్‌లా మారింది. రోజుకు రెండే సర్వీసులుండే ఊరు ఒకే కంపెనీని నమ్ముకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ లెక్కన చూస్తే నిజంగా విమానాశ్రయం అవసరం ఎక్కువున్నది ఆదిలాబాద్‌కు. హైదరాబాద్ 300 కిలోమీటర్లు. నాగ్‌పూర్ అంతకంటే వంద కిలోమీటర్లు దగ్గర. అత్యవసరమైతే ఆ జిల్లా వాళ్లు నాగ్‌పూర్‌కే పోతారు. అటు ఖమ్మం వాళ్లకు విజయవాడ పక్కనున్న గన్నవరం విమానాశ్రయమే దగ్గర. తెలంగాణ అంచుల్లో ఉన్నవాళ్లకు శంషాబాద్ పేరుకే సొంత విమానాశ్రయం. ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్‌ను పౌర విమానాలకూ వాడుకోవడానికి వైమానిక దళం 2025లో ఒప్పుకుంది కాబట్టి అక్కడ మిగిలింది నిర్మాణం, ఎయిర్‌లైన్. అయితే అవసరం ఎక్కువున్న చోట టికెట్ కొనగలిగేవాళ్లు తక్కువ. వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, రామప్పకు యునెస్కో గుర్తింపు ఉంది. ఎయిర్‌లైన్ వరంగల్ వైపే మొగ్గుతుంది.

హైదరాబాద్ నగరంలో ఉండేవాళ్లకు ఈ గొడవంతా దూరపు సంగతిలా అనిపించొచ్చు. వాళ్ల ఇబ్బంది వేరు. ఈసీఐఎల్ నుంచో కుత్బుల్లాపూర్ నుంచో తెల్లవారుజాము విమానం పట్టుకోవాలంటే రాత్రి రెండింటికి లేవాలి. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది, ఔటర్ వచ్చింది, పుష్పక్ బస్సులు తిరుగుతున్నాయి. రైలు మాత్రం విమానాశ్రయానికి ఇవతల, ఉందానగర్ స్టేషన్ దగ్గరే ఆగింది. మెట్రోకు 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్లకు శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారగానే ఆ దారి రద్దయింది. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్ల కొత్త దారి గీసి 2024లో కేంద్రానికి పంపారు. పాత దారి ఐటీ ఉద్యోగులది, కొత్త దారి పాతబస్తీ వాళ్లదీ తూర్పు శివార్ల వాళ్లదీ. కొత్తదే న్యాయమని వాదించొచ్చు. అయితే 2008 నుంచి నడుస్తున్న విమానాశ్రయానికి ఏ దారిలోనూ పట్టాలు పడలేదన్నది రెండు వర్గాలూ ఒప్పుకోవాల్సిన మాట.

మామునూరులో ఆమోదం వచ్చాక సాగిన పోరు విమానాల గురించి కాదు, భూమి గురించి. నక్కలపల్లి, గాడిపెల్లి, గుంటూరుపల్లి రైతులు పరిహారం ఎంత, రన్‌వే పొడిగిస్తే ఊరికి దారి ఎటు అని అడిగారు. సాగుభూమి వదులుకునేవాడికి ఆ విమానం ఎక్కే అవసరం బహుశా ఎప్పటికీ రాదు. అది తేలాక టెర్మినల్ లేస్తుంది, రిబ్బన్ కటింగ్ జరుగుతుంది. అప్పుడు చూడాల్సింది తొలి టైంటేబుల్‌ను. పొద్దున్నే వరంగల్‌లో బయల్దేరి ఢిల్లీకో బెంగళూరుకో చేర్చి, రాత్రికి తిరిగి తెచ్చే విమానం అందులో ఉంటే ఆ సర్వీసు సబ్సిడీ గడువు దాటి బతుకుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి ఒంటిగంటకు పోయే విమానాన్ని మాత్రం నమ్మడానికి లేదు. పొద్దున్నా సాయంత్రమూ పెద్ద రూట్లలో తిప్పి, ఖాళీ దొరికిన వేళకు ఇటు మళ్లించిన విమానం అది.